రాజకీయశబ్దమును రేడియోయును: దక్కను రేడియో మొదలు సంఘం రేడియో వఱకు

రాజకీయ మనుమాట నేడు ప్రతిదినపత్రికయందును పదిమాఱులు కానవచ్చుచున్నను, దాని వ్యుత్పత్తిని విచారించువారు అరుదు. రాజన్ శబ్దముమీద ఛప్రత్యయము వచ్చి, శబ్దాంతమునకు కకారము ఆదేశము కాగా ఈరూపము సిద్ధించునని పాణిని శాసించెను. రాజునకు సంబంధించినది రాజకీయము. వనము రాజకీయమన్నను, భటుడు రాజకీయుడన్నను అర్థ మొక్కటియే: అది రాజుసొత్తు, తక్కినవారిది కాదు. ప్రజలు తమ పరిపాలనమును గూర్చి తమలోతాము చేసికొను చర్చకు ఈపేరు వచ్చుట ఇటీవలి సంగతి. ఈయర్థపరిణామమునకు హైదరాబాదుదేశపు రేడియోచరిత్ర చక్కని ఉదాహరణము. అచట రేడియో మొదట పాణిని చెప్పిన యర్థముననే రాజకీయము. అది లోకుల చర్చ యను అర్థమున రాజకీయ మగుటకు డెబ్బదిసంవత్సరములకు పైగా పట్టినది. అంతకాలమునకు అట్లయినదియు రాజధానియందు కాదు. జహీరాబాదు మెట్టచేలనడుమ మాచనూరను పల్లెయందు.

చర్చ యనగా ఎట్టిది యని మొదట నిర్ణయింపవలసియున్నది. గౌతముని న్యాయసూత్రములు కథను వాదము, జల్పము, వితండ యని మూడువిధములుగా విభజించినవని పండితు లెఱుగుదురు. తత్త్వమును తెలిసికొనగోరి ఇరువురు ప్రమాణతర్కములతో మాటాడుకొనుట వాదము. గెలుపొక్కటియే కోరి ఛలజాతినిగ్రహస్థానములను సైతము వాడుకొనుట జల్పము. తనపక్ష మేదియు నిలుపక ఎదిరిపక్షమును పడగొట్టుట వితండ. ఈమూటియందును సామాన్యధర్మ మొకటి కలదు: వక్తలు ఇరువురుండవలెను. ఒక్కడు చెప్పగా తక్కినవారు వినుట ఉపదేశము కావచ్చును, శాసనము కావచ్చును, కథ మాత్రము కానేరదు.

పశ్చిమదేశములందు రేడియోకథ ఈమూడువిధములుగను పెరిగినది. అమెరికాలో 1935 మే 30 నాడు ఆరంభమైన 'అమెరికాస్ టౌన్ మీటింగ్ ఆఫ్ ది ఎయిర్' 1956 వఱకు నడచినది. అందు విరుద్ధపక్షములవారు సభలో మాటాడుదురు. సభికులు లేచి ప్రశ్నింతురు. ఇంగ్లండులో బీబీసీవారు 1948 అక్టోబరులో 'ఎనీ క్వశ్చన్స్?' అను ప్రశ్నసభను ప్రారంభించిరి. అది ఊరూర తిరిగి జరుపబడుచు తరములు గడచినను నిలిచినది. అమెరికాలోనే 1949లో, వివాదాస్పదవిషయములందు ఉభయపక్షములకును తావీయవలెనను నియమ మేర్పడెను. 1987లో ఆనియమము తొలగింపబడగా, మఱుసటియేడు ఆగస్టున రష్ లింబా యను వక్త దేశవ్యాప్తప్రసారమునకు దిగి, 2021 ఫిబ్రవరిలో మరణించువఱకు ఒకేపక్షమును మూడుగంటలచొప్పున వినిపించెను. నియమమున్నంతకాలము వాదము, అది తొలగినతోడనే జల్పవితండలు అని చెప్పుట కొంత తొందరపాటు; అయినను ఆకాలక్రమము గమనింపదగినది. ఈభేద మెట్లున్నను అచట వక్తలకు కొదువలేదు. తెలుగుదేశమున ప్రశ్న వేఱు. ఇచట జల్పమా వాదమా యనుటకు ముందు, రెండవవాని కంఠ మెచట నున్నదని వెదుకవలసివచ్చినది.

మదరాసునందు 1924లో రేడియోసంఘ మొకటి ఏర్పడి అదేయేడు ప్రసారము మొదలిడి, ద్రవ్యలోపముచే 1927లో ఆగిపోయెను. 1930లో నగరసభవారు దానిని మరల నడపిరి. 1938 జూన్ 16 నాడు ఆలిండియా రేడియోవారి మదరాసుకేంద్రము వెలసినది. కోస్తాజిల్లాలవారును రాయలసీమవారును చిరకాలము తెలుగుమాటను అచటినుండియే వినిరి. తెలుగునడిగడ్డ యగు విజయవాడకు కేంద్రము 1948 డిసెంబరు 1 నాడుగాని రాలేదు.

హైదరాబాదుకథ దీనికి భిన్నము. తపాలాశాఖలో ఉద్యోగి యగు మహబూబ్ అలీ యను నాతడు తన ఉత్సాహముకొలది 200 వాట్ల చిన్నయంత్రముతో ప్రసారము మొదలిడెను. నిజాముప్రభుత్వము దానిని తనవశము చేసికొని, 1935 ఫిబ్రవరి 3 నాడు రాజ్యముపేర ప్రసారములు ప్రారంభించినది. అదియే దక్కను రేడియో. అమెరికాలో ప్రశ్నసభ పుట్టినదియు ఆసంవత్సరముననే యనుట యాదృచ్ఛికమే. కాని అచట ఒక సభ రేడియోను చేరుచుండగా ఇచట ఒక గృహస్థుని రేడియో దివాణమును చేరినది. ప్రసారమున అగ్రస్థానము ఉర్దూది. దేశజనులలో అధికసంఖ్యాకుల మాతృభాష తెలుగైనను, అది మరాఠీకన్నడములతో పాటు మిగిలిన సమయమును పంచుకొనెను. సంగీతమున, నాటకమున దక్కను రేడియో చేసిన సేవ చిన్నది కాదు. వాక్కువిషయమున మాత్రము అది ఘంటాపథమున చాటించు దండోరావంటిది. దండోరావేయువానిని ఊరివారు ప్రశ్నింపరు; ప్రశ్నించినను వానియొద్ద ఉత్తరముండదు.

ఇట్టి రాజకంఠమునకు ప్రతికంఠము పుట్టుట సహజము. 1947–48 సంవత్సరములలో, హైదరాబాదుసంస్థానము భారతయూనియనులో చేరవలెనని పోరాడు కాంగ్రెసువారు సరిహద్దునకు ఆవల కర్నూలునుండి ఒక రహస్యరేడియో నడపిరి. దానికి వారు పెట్టుకొన్న పేరు భాగ్యనగర్ రేడియో. దక్కను రేడియో చెప్పినదానికి మాఱుచెప్పుటయే దాని ప్రధానవ్యాపారము. రెండుకంఠములు వినవచ్చినవి కావున ఇది కథాలక్షణమునకు దగ్గఱగా వచ్చినదే. కాని ఒకరినొకరు ప్రశ్నించుకొనుటకు వీలులేని యుద్ధకాలపు కథ యది. న్యాయపరిభాషలో జల్ప మనదగును. తప్పుపట్టుటకు కాదు, లక్షణము చెప్పుటకే ఈమాట. ప్రాణములకు తెగించినవారు ఛలమును వాడిరా లేదా యని లెక్కించుట తీరికగలవారి పని.

దక్కను రేడియోచరిత్రలో పెద్దదినము 1948 సెప్టెంబరు 17. భారతసైన్యము అయిదుదినములుగా నలుదెసలనుండి చొచ్చుకొని వచ్చుచుండెను. మంత్రిమండలి రాజీనామా నిచ్చెను. మధ్యాహ్నము నిజాము, భారతప్రభుత్వప్రతినిధి యగు కె.ఎం. మున్షీని పిలిపించి కర్తవ్యము నడిగెను. యుద్ధవిరమణమును రేడియోమూలమున ప్రకటించుట యుక్తమని తేలినది. మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన పేరిట పదుమూడుసంవత్సరములుగా నడచుచున్న ఆరేడియోమందిరమున అడుగిడుట అదియే మొదటిసారి. రాజకీయమైన రేడియోలో రాజు నోరువిప్పినది రాజ్యము చేయిజాఱిననాడు! మరల సెప్టెంబరు 23 నాడు ఆయన మాటాడుచు, కాసిం రజ్వీ నాయకత్వమున చిన్నముఠా యొకటి జర్మనీలోని హిట్లరుపద్ధతుల ననుసరించి తన్ను నిస్సహాయుని చేసినదని చెప్పుకొనెను. ఆమాటలలోని నిజానిజములను చరిత్రకారులు నేటికిని చర్చించుచున్నారు. రేడియోచరిత్రదృష్టితో చూచినచో వేఱొకటి తోచును: ఆముఠా చేతిలో ముఖ్యసాధనములలో నొకటి ఈరేడియోయే. దండోరా ఎవరిచేత చిక్కిన వారికొఱకే మ్రోగును.

1950 ఏప్రిల్ 1 నుండి దక్కను రేడియో భారతప్రభుత్వపు స్వాధీనమై ఆలిండియా రేడియోలో చేరిపోయెను. ఆకాశవాణి యను పేరు మైసూరులో 1935లో ఒక ఆచార్యుడు స్వయముగ నెలకొల్పిన ప్రసారకేంద్రమునుండి వచ్చినది. తరువాత అది దేశమంతటికిని చెల్లినది. పేరు రమ్యము. పురాణములందలి ఆకాశవాణికిని ఒక స్వభావము కలదు: అది చెప్పును, వినదు. కంసునితో పలికిన అశరీరవాణిని కంసుడు ఎదురుప్రశ్న యడిగినట్లు లేదు.

ఈస్వభావమునకు మూలము చట్టమునందున్నది. 1885 నాటి టెలిగ్రాఫుచట్టము తంతివ్యవహార మంతటిని ప్రభుత్వముయొక్క ప్రత్యేకాధికారముగా చేసినది. నాటికి రేడియో పుట్టియుండలేదు. పుట్టినపిదప అదియు ఆచట్టముక్రిందికే వచ్చినది. తెల్లదొరలు వ్రాసికొన్న నియమమును స్వతంత్రభారతము మార్చలేదు. 1956లో పూనాప్రాంతమున 150 గ్రామములందు యునెస్కోసాయముతో జరిగిన గ్రామరేడియోసభలు ఒక మంచి ప్రయత్నము. రైతులు గుంపుగ కూడి విని, చర్చించి, తమప్రశ్నలను కేంద్రమునకు పంపిరి. విజయవాడకేంద్రమునుండి ఉషశ్రీ వినిపించిన ధర్మసందేహములు తెలుగువారింట ఎంతటి ఆదరము పొందినవో పెద్దలకు తెలియును. శ్రోతలు ఉత్తరములు వ్రాసిరి, సమాధానములు వినిరి. రామాయణమున సందేహము కలిగిన తెలుగువాడు రేడియోను ప్రశ్నింపగలిగెను. పన్నును గూర్చియు, నేలను గూర్చియు, పంచాయతీలెక్కలను గూర్చియు కలిగిన సందేహమునకు మాత్రము అట్టి వేదిక లేదు. 1975 జూన్ 26 ఉదయమున అత్యవసరపరిస్థితిని దేశమునకు ప్రధానమంత్రి ఇందిరాగాంధి తెలిపినదియు ఈరేడియోలోనే. 1977 ఎన్నికలలో తొలిసారిగ రాజకీయపక్షములకు ప్రసంగావకాశ మీయబడినది. అదియు వరుసగా చేయు ఏకపక్షోపన్యాసములే కాని పరస్పరసంవాదము కాదు. 2014 అక్టోబరు 3 నాడు ఆరంభమైన ప్రధానమంత్రి నరేంద్రమోదీగారి 'మన్ కీ బాత్' నెలకొకమాఱు వచ్చుచు 2023 ఏప్రిల్ 30 నాటికి నూఱవప్రసారమును పూర్తిచేసికొన్నది. దీర్ఘకాలము నడచిన పరిపాలకప్రసంగములలో దీనికి ముఖ్యస్థానము కలదు. అనువాదరూపమున తెలుగువారును విన్నారు. శ్రోతల లేఖలను వక్త అందు ప్రస్తావించును. కాని లేఖను ఎన్నుకొనువాడును, ఉత్తరము చెప్పువాడును ఒక్కపక్షమువారే యగుటచే దానిని గౌతముడు కథలో చేర్చియుండడు.

చట్టమునకు మొదటి దెబ్బ విచిత్రముగ క్రికెట్టుమూలమున తగిలినది. 1993లో జరిగిన హీరోకప్పు ఆటలను చూపు హక్కు ఎవరిదను వివాదము ప్రభుత్వమునకును బెంగాలు క్రికెట్టుసంఘమునకును నడుమ పుట్టి సుప్రీంకోర్టునకు ఎక్కెను. 1995 ఫిబ్రవరి 9 నాడు న్యాయమూర్తి పి.బి. సావంత్ తీర్పుచెప్పుచు, ఆకాశతరంగములు ప్రజలసొత్తని నిర్ణయించెను. తెలుగువారైన న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి వేఱుగ వ్రాసిన తీర్పున ఏకీభవించెను. అనగా రాజన్ శబ్దముమీది ప్రత్యయము చెల్లదని ధర్మాసనము పలికినట్లయినది. తీర్పు వెలువడుట వేఱు, పల్లెకు అందుట వేఱు. ఆనడుమ జరిగిన రెండువృత్తాంతములు తెలుగునేలవే.

మొదటిది కర్నూలుజిల్లా ఓర్వకల్లు గ్రామమున జరిగినది. పొదుపుసంఘముల స్త్రీలు 2002 అక్టోబరులో 'మన రేడియో' యను పేర ఒక చిన్నయంత్రముతో ప్రసారము మొదలిడిరి. అది ఊరిపొలిమేరను దాటునంతటి బలముగలదియు కాదు. వ్యవసాయము, ఆరోగ్యము, పాటలు, ఇరుగుపొరుగు సంగతులు. కొన్నినెలలు గడచినవో లేదో, 2003 తొలిమాసములలో కేంద్రప్రభుత్వాధికారులు వచ్చి, అనుమతి లేదన్న కారణమున యంత్రమును మూయించిరి. కర్నూలుగడ్డమీదనే అర్ధశతాబ్దమునకు మునుపు అనుమతి లేని రేడియోయొకటి నడచినది. దానిని నడపినవారిని స్వాతంత్ర్యయోధులని దేశము గౌరవించినది. నాటి రహస్యరేడియో ఒక ప్రభుత్వమును కూల్చుటకు పూనినది. ఓర్వకల్లు స్త్రీల రేడియో పూనినది గ్రామపుమాటను గ్రామమునకు వినిపించుట. 1885 నాటి చట్టము ఈభేదము నెఱుగదు. తరంగములు ప్రజలవని తీర్పువచ్చి అప్పటికి ఎనిమిదేండ్లు.

రెండవవృత్తాంతము కొంత విపులముగ చెప్పదగినది. జహీరాబాదుప్రాంతము నాటి మెదకుజిల్లాలోనిది, 2016 నుండి సంగారెడ్డిజిల్లాలోనిది. వర్షాధారమైన మెట్టసేద్యము, జొన్న, కొఱ్ఱ, సామ, తైద, కంది, అనుము మొదలగు పైరులు కలసి ఒక్కచేలనే పండును. ఈసీమలో పస్తాపూరు కేంద్రముగా 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడినది. దానిని నడపినవారిలో ముఖ్యుడు పి.వి. సతీశ్, పూర్వము దూరదర్శనమున పనిచేసినవాడు. ఊరూర స్త్రీలసంఘములు ఏర్పడినవి. సభ్యురాండ్రలో పెక్కురు దళితకుటుంబములవారు, కొద్దిపాటి భూమికలవారు, అక్షరాస్యత లేనివారు. పడావుపడిన పొలములను బాగుచేసికొనుట, విత్తనమును ఇంటనే దాచుకొనుట, చిఱుధాన్యములను తమలోతాము పంచుకొనుట వీరి ముఖ్యకార్యములు. ఇవి చర్చలేక జరుగునవి కావు. ఎవరిచేను ముందు, ఎవరికెంత విత్తనము, కూలిరేటెంత, పంచాయతీ ఏమిచేసినది: నెలనెలా సంఘసమావేశములు జరుగవలసినదే. రేడియో రాకమునుపే ఇచట సభయున్నది. ఇది ముఖ్యము. దక్కను రేడియోకు యంత్రముండెను, సభ లేదు. మాచనూరున సభయే మొదటిది.

1998లో యునెస్కోతోడ్పాటున మాచనూరునందు రేడియోకు మందిరమును పరికరములును సిద్ధమైనవి. ప్రసారమునకు అనుమతి మాత్రము లేదు. వారు ఓర్వకల్లువారివలె యంత్రమును నడపక, అనుమతికై వేచియుండిరి. వేచియున్నంతకాలము ఊరకుండలేదు. ఊరూర తిరిగి మాటలను, పాటలను, పంటలముచ్చటలను టేపులమీదికి ఎక్కించి, ఆటేపులను సంఘసమావేశములలో వినిపించిరి, విన్నవారు చర్చించిరి. ఇట్లు వందలకొలది గంటల వాక్సంపద కూడినది. ప్రసారములేని రేడియో పదియేండ్లు నడచుట అపూర్వము. 2000 జూలైలో యునెస్కో ఆధ్వర్యమున హైదరాబాదునందును పస్తాపూరునందును రేడియోప్రియులు సమావేశమై, గ్రామసంఘములకు ప్రసారాధికార మీయవలెనని ప్రకటన గావించిరి. అది పస్తాపూరుపేరనే ప్రసిద్ధమైనది. 2002 చివర ప్రభుత్వము కొంత దిగివచ్చి విద్యాసంస్థలకు మాత్రము అనుమతి నిచ్చినది. చదువుకొన్నవారికే మాటాడు హక్కన్నమాట! 2006 నవంబరు 16 నాడు ప్రకటింపబడిన విధానముతోగాని, మూడేండ్లకు తక్కువగాక సేవచేసిన స్వచ్ఛందసంస్థలకు ద్వారము తెఱవబడలేదు.

2008 అక్టోబరు 15 నాడు మాచనూరులో సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జుల తరంగముపై పలికినది. ప్రారంభించినవాడు తరంగములు ప్రజలసొత్తని పదుమూడేండ్లకు మునుపు తీర్పిచ్చిన పి.బి. సావంతే. న్యాయమూర్తి తన తీర్పు పల్లెయందు ఫలించుట కన్నులార చూచుట చరిత్రలో అరుదుగ జరుగును. రేడియోపని ముఖ్యముగ ఇరువురు స్త్రీలచేతిలోనుండెను. ఇరువురిపేరును నర్సమ్మయే యగుటచే ఒకరు అల్గోల్ నర్సమ్మగను, రెండవవారు జనరల్ నర్సమ్మగను ప్రసిద్ధులైరి. సాయంకాలము చేనిపనియు వంటపనియు ముగిసిన వేళను ప్రసారమునకు ఎన్నుకొనిరి. పాత్రికేయశాల వాసన యెఱుగని ఈస్త్రీలు విత్తనములను గూర్చి ముసలమ్మలను ప్రశ్నింతురు. ముసలమ్మలు తిరిగి వారినే ప్రశ్నింతురు. ఇరువురు వక్తలు, తెలిసికొనగోరిన విషయము, అనుభవప్రమాణము. గౌతముడు వాదమునకు చెప్పిన లక్షణములలో పెక్కు ఇచట అమరినవి. పంచావయవవాక్యము లేదని తార్కికులు ఆక్షేపింతురేని వారితో జగడమేల?

ఇచట చట్టము పెట్టిన ముడి యొకటి విచారణీయము. 2006 విధానమున, వార్తలకును వర్తమానవ్యవహారములకును సంబంధించి, మఱియు అన్యథా రాజకీయస్వభావము కలిగియుండు కార్యక్రమములను ప్రసరింపరాదని నిషేధము కలదు. ఈ 'మఱియు' వైయాకరణులకు విందు. చకారమునకు సముచ్చయము, అన్వాచయము, ఇతరేతరయోగము, సమాహారము అను నాలుగర్థములు ప్రసిద్ధములు. ఇచట ఏది గ్రాహ్యము? రెండులక్షణములును కలసియున్నవే నిషిద్ధములనినచో, రాజకీయము కాని వార్త దోషము కాదు. ప్రత్యేకముగ రెండును నిషిద్ధములే యనినచో, ఊరిలో బావి యెండినదని చెప్పుటయు వార్తయే యగును. వ్యవహారమున అధికారులు రెండవయర్థముననే మొగ్గుచూపుటచే, వాణిజ్యరేడియోలకును సంఘరేడియోలకును సొంతవార్తలు లేకపోయినవి. ఆకాశవాణివార్తలను అక్షరమైనను మార్పక మరల వినిపించు వెసులుబాటు తరువాత కొంత కలిగినది.

అట్లయిన మాచనూరుస్త్రీలు మాటాడునది రాజకీయమా కాదా? కూలిరేటు, సారాయంగడి, రేషనుబియ్యము, పత్తివిత్తనము, పోరంబోకుభూమి: ఇందు పరిపాలనముతో ముడిపడని దేది? పాణిని చెప్పిన యర్థమున చూచినచో ఇందేదియు రాజకీయము కాదు, ఏలయన రాజుసొత్తు ఇందు లేదు. నేటి యర్థమున చూచినచో అంతయు రాజకీయమే. నిషేధమును వ్రాసినవారు ఎన్నికలపక్షములను తలచికొని వ్రాసిరి. పక్షములపేరెత్తక పరిపాలనమును చర్చించుట ఎట్లో వీరు చేసిచూపిరి. ఇది ఉపాయముచే చేసినది కాదు. వారి చర్చ మొదటినుండియు అట్టిదే.

వీరిభాషను గూర్చి శిష్టులకు ఆక్షేప ముండవచ్చును. జహీరాబాదుతెలుగున కన్నడమరాఠీలయు ఉర్దూయొక్కయు కలయిక మెండు. 'యాడ', 'గిట్ల', 'జెర' యను రూపములు రేడియోలో వినబడుట నగరకేంద్రముల తెలుగు నలవాటుపడిన చెవికి క్రొత్త. ఆకాశవాణిలో వినవచ్చు తెలుగు తమతెలుగు కాదనుట, తమకు వేఱు రేడియో కావలెనని ఈస్త్రీలు చెప్పిన కారణములలో నొకటి. మహాభాష్యమున ఒక వైయాకరణుడును ఒక సారథియు సంభాషించిన ఘట్టము పండితులకు కరతలామలకము. రథమును నడపువానిని వైయాకరణుడు తాను నేర్చిన రూపముతో ప్రస్తావింపగా, సారథి వాడుకలోని రూపముతో బదులుచెప్పును. అపశబ్ద మని వైయాకరణుడు గద్దించును. సూత్రప్రాప్తి నీకు తెలియునుగాని ప్రయోగేష్టి తెలియదని సారథి అతనిని నిరుత్తరుని చేయును. పతంజలి అంతటివాడు సారథినే గెలిపించెను. సారథిమాటను గ్రంథమున కెక్కించినవారు మాచనూరుమాటను రేడియోకు తగదనుట పొసగదు. దీనివలన గ్రాంథికమర్యాద చెడునను భయము నిరాధారము. ఏభాష యెచట చెల్లునో నిర్ణయించునది ప్రయోజనము.

సంఘం రేడియోకు ఒక పరిమితి కలదు. విధానము సామాన్యముగ విధించిన బల మెక్కువలో ఎక్కువ 100 వాట్లు. దక్కను రేడియో తొలియంత్రమునకు ఇందుకు రెట్టింపు బలము! మాచనూరుమాట చుట్టుపట్ల పల్లెలను దాటి పోదు. హైదరాబాదునకు పడమర, నగరమునకును జహీరాబాదునకును నడుమనున్న శంకరపల్లి, చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములకు అది వినబడదు. ఆపల్లెలు వినునది నగరమునే.

ఇందులకు జన్వాడ నొక ఉదాహరణముగా చెప్పవచ్చును. 1908 నాటి మూసీవరద పిదప కట్టబడిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయముల రక్షణకై 1996 మార్చి 8 నాడు 111 సంఖ్యగల ప్రభుత్వోత్తరువు వెలువడి, 84 గ్రామములందు కట్టడములను నియంత్రించెను. జన్వాడయు అందు చేరినదే. నగరము పడమటికి ప్రాకినకొలది ఆభూములవిలువ పెరిగినది. నియంత్రణము తొలగిన తమభూమికి ధర వచ్చునని కొందఱు రైతులు, తొలగిన చెఱువులు చెడునని మఱికొందఱు పాతికేండ్లకు పైగా తర్కించుకొనిరి. 2022 ఏప్రిలులో 69 సంఖ్యగల ఉత్తరువు ఆనియంత్రణమును సడలించెను. వివాదము న్యాయస్థానములకును పరిసరరక్షకులసభలకును ఎక్కినది. పక్షప్రతిపక్షములు స్పష్టముగ గల విషయము. ఇరుపక్షములందును ప్రమాణములు కలవు. వాదకథకు ఇంతకన్న తగిన వస్తువు దొరకదు. కాని జన్వాడరైతు తనమాటను పొరుగూరిరైతునకు వినిపించుటకు సంఘం రేడియోవంటి సాధన మొకటి లేదు. నగరములోని వాణిజ్యరేడియోలు ఆపొలములమీదుగనే పాటలను ప్రసరించుచుండును. వానికి చర్చ నిషిద్ధము. ఆకాశవాణికి చర్చ నిషిద్ధము కాదు, అలవాటు లేదు.

84 గ్రామములలో ఏయొక్కదానియందైనను ఓర్వకల్లు యంత్రమంతటిది ఉండినయెడల ఆఉత్తరువు వేఱుగ ఉండెడిదని చెప్పుట సాహసము. ఏమి చర్చింపబడినదో, ఎవరు ఏమనిరో ఊరివారి నోటిమాటగా నిలిచియుండెడిది. నేడు ఆవివాదమునకు మిగిలిన ఆధారములు ఉత్తరువులు, వ్యాజ్యపత్రములు, పత్రికావార్తలు. అన్నియు నగరమున వ్రాయబడినవే.

పి.వి. సతీశ్ 2023 మార్చి 19 నాడు కాలధర్మము నొందెను. 1998 మొదలు 2008 వఱకు సంఘస్త్రీలు టేపులమీద కెక్కించిన వాఙ్మయమున పచ్చజొన్న, సాయిజొన్న మొదలగు ధాన్యభేదములపేళ్లు, సేద్యపుపనిముట్లమాటలు, పండుగపాటలు కలవు. ఆపదములలో పెక్కింటిని అచ్చుపడిన నిఘంటువులందు వెదకిన కానరావు. నిఘంటుకర్తలు ఆమార్గమున ఇంకను నడువలేదు.